బొట్టు అందుకోని వీధి

నూనెకొట్టు వారి గుమ్మంలో నిలబడి జగదాంబ మళ్లీ పిలిచింది.

"అత్తయ్యగారూ! పిలుపుకొచ్చానండీ. ఈ సాయంత్రం మా మాణిక్యానికి గాజుల పేరంటం."

లోపల ఎవరో గబగబా నడిచారు. పెరటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. కాసేపటికి పెరట్లోంచి గొంతు వినిపించింది.

"ఎవరూ, జగదాంబా? నేను బయటున్నానమ్మా. గుమ్మం దగ్గరే ఆగు. నన్ను అంటుకోకూడదు."

జగదాంబ చేతిలోని కుంకుమ భరిణ వంక చూసుకుంది. నూనెకొట్టు పెద్దావిడకు అరవై దాటాయి. నిరుడే మునిమనవడికి బారసాల చేసి వీధంతటికీ శనగలు పంచింది.

"తమరా, అత్తయ్యగారూ?"

"ఏం? నేనైతే కూడదా?" పెద్దావిడ గొంతులో కోపం కన్నా సిగ్గే ఎక్కువ వినిపించింది. "వెళ్లమ్మా, వెళ్లు. ఎండ ముదురుతోంది."

ఇంకో రోజైతే జగదాంబ పమిటచెంగు నోట్లో కుక్కుకుని, పరుగున పోయి పక్కింటి వీరవేణికి చెప్పి, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. ఈ రోజు నవ్వు రాలేదు. వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆమె తొక్కిన ప్రతి గుమ్మంలోనూ ఇదే మాట. బట్టలకొట్టు వారి తోడికోడళ్లు ముగ్గురూ ఒక్కసారే బయట చేరారు. బెల్లం వర్తకుడి కూతురు దేవకుమారి, నిన్నగాక మొన్న పెద్దమనిషైన పిల్ల, నేర్పిన మాట నేర్పినట్టు అప్పజెప్పి, ఎటు పోవాలో తెలియక ముందు వంటింటి వైపు అడుగు వేసి, నాలుక కరుచుకుని పెరట్లోకి పరుగెత్తింది.

బొట్టు పెట్టి పిలిస్తే కాదనే ముత్తైదువ ఎక్కడా ఉండదు. కుంకుమను తోసేస్తే తన పసుపు కుంకుమల్ని తానే తోసేసుకున్నట్టు. అందుకని ఆ ఆడవాళ్లెవరూ కాదనలేదు. బొట్టు అందని చోటికి పోయి కూర్చున్నారు, అంతే.

ఇక మిగిలింది వీరవేణి ఇల్లు. ఇద్దరూ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఒకరినొకరు వదినా అనుకుంటూ, ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరు తెచ్చుకుంటూ బతికినవాళ్లు. వీరవేణి తన ముఖం చూసి అబద్ధమాడలేదని జగదాంబ నమ్మకం. ఆ నమ్మకంతోనే భరిణ మూత తీసి మరీ గుమ్మం ముందు నిలబడింది.

వీరవేణి అప్పటికే పెరటి పాకలో చాప మీద ఉంది. వరసగా తెరిచి ఉన్న తలుపుల్లోంచి ఆమె వీపు కనిపించింది.

"వదినా," అంది జగదాంబ.

ఆ వీపు కదల్లేదు.

మిగతావాళ్లు అబద్ధమైనా ఆడారు.

*

వారం రోజుల క్రితం దాకా ఆ ఇల్లు వరదరాజుపేటలో పదిమంది కూర్చుని లేచే ఇల్లు. జగదాంబ భర్త గున్నేశ్వరరావు ఊరి యూనియన్ పంచాయితీకి చైర్మన్. ఇంటిపన్ను పెంచి, వచ్చిన సొమ్ముతో మంచినీళ్ల చెరువు పూడిక తీయించి, రాతిమెట్లు కట్టించి, పశువులు దిగకుండా కాపలా పెట్టించాలని ఆయన తీర్మానం చేయించిన మర్నాడే బజారు వీధి పెద్దలంతా కూడి కట్టు వేసుకున్నారు. పెంచిన పన్ను తీసేసేదాకా చైర్మన్ గుమ్మం ఎవరూ తొక్కకూడదు. ఆ ఇంటి పిలుపు ఎవరూ అందుకోకూడదు. నీళ్ల కావడివాడు కూడా ఆ రోజు నుంచే మానేశాడు.

జగదాంబ ఇంటికొచ్చేసరికి మాణిక్యం ముస్తాబై పీట మీద కూర్చుని ఉంది. పచ్చని పట్టుచీర, జడ నిండా మల్లెలు, తొమ్మిదో నెల బరువుకు వెనక్కి ఆన్చిన నడుము. పూర్తి పేరు రత్నమాణిక్యం. కొవ్వూరులో అత్తవారు. తొలి పురిటికి పుట్టింటికి వచ్చింది.

"ఎంతమంది వస్తున్నారమ్మా?"

"వస్తారు తల్లీ. ఎండ చల్లారనీ."

"నీ ముఖం చెబుతోందిలే."

అరుగు మీద గాజుల సెట్టి మూట విప్పుకుని ఎదురుచూస్తున్నాడు. మండపేట నుంచి వచ్చినవాడు కాబట్టి అతనికి వీధి కట్టు సంగతి తెలియదు. పచ్చగాజులు, ఎర్రగాజులు వరుసలుగా పరిచాడు. మాణిక్యం రెండు చేతులకీ నిండుగా తొడిగాడు. తర్వాత వీధి వైపు చూశాడు. మళ్లీ చూశాడు.

"మిగతా పేరంటాళ్లు ఎప్పుడొస్తారండీ, అమ్మగారూ? చీకటి పడకుండా పడవెక్కాలండి. పది రోజుల్లో కాలువ కట్టేస్తారంట, ఈలోపే ఊళ్లన్నీ తిరగాలి కదండీ. తర్వాత పడవలుండవు."

ఏటా వేసవిలో కాలువ కట్టేస్తారు. అది కొత్త సంగతి కాదు. కానీ ఈ ఏడు ఆమె మనసు ఎక్కడికో పోయింది. పడవలుండవు. ఉంటే రాజమండ్రి మిషను ఆసుపత్రికైనా తీసుకుపోవచ్చు. లేకపోతే పురుడు ఈ ఊళ్లోనే, ఈ వీధిలోనే, ఈ మనుషుల మధ్యనే.

"మీరు మూట కట్టుకోండి, సెట్టిగారూ," అంది. "వాళ్లు తర్వాత తొడిగించుకుంటారు."

చూపు ఆనని అత్తగారు పాపాయమ్మ మూల మంచం మీద నుంచి చెవి రిక్కించింది.

"ఏంటే, జగదాంబా? పేరంటం ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి? ఒక్క మంగళహారతి పాటా వినబడదే?"

"ఇంకా ఎవరూ రాలేదు, అత్తయ్యా."

"ఎందుకని?"

"బయటున్నారట."

"ఎవరు?"

"అందరూ."

ఆనకట్ట కట్టని రోజుల నుంచీ పాపాయమ్మ ఈ ఊళ్లో కరువులూ వరదలూ చూసింది.

"అయితే ఈ మూడు పొద్దులూ ఆ ఇళ్లల్లో మగాళ్లే పొయ్యి ఊదుకోవాలన్నమాట," అంది. "నేను పోయేలోపు ఈ చోద్యం కూడా వినాలని రాసిపెట్టి ఉంది."

మాణిక్యం పకపకా నవ్వింది. చేతి నిండా గాజులు గలగలలాడాయి. ఆ చప్పుడు ఖాళీ వసారాలో మరీ పెద్దగా వినిపించింది.

*

గున్నేశ్వరరావు భోజనానికి కూర్చునేసరికి సందెవేళ దాటింది. జగదాంబ వడ్డించి, గోడకానుకుని నిలబడింది. చెప్పకూడదు అనుకుంటూనే మొదలుపెట్టింది.

"వాళ్లడిగేది ఒక్కటే. పన్ను తీసెయ్యమని. తీసేస్తే ఏం పోతుంది?"

ఆయన చారన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

"చెరువు పోతుంది."

"చెరువు, చెరువు, చెరువు! పొద్దున లేస్తే అదే జపం. ఆ చెరువొచ్చి మన పిల్లకి పురుడు పోస్తుందా?"

"మంత్రసాని చిన్నమ్మాయి ఉందిగా."

"ఉంటే ఉంది. వస్తుందా? ఆవిడ మొగుడు గడ్డం గీసేది ఎవరికి? ఈ వీధివాళ్లకి కాదూ? రావద్దంటే వస్తుందా?"

"పొరుగూరి నుంచి పిలిపిస్తాను."

"ఏ ఊరు నుంచి? మన వీధివాళ్ల దగ్గర అప్పు తిననిది చుట్టుపక్కల ఏ ఊళ్లో ఉంది? రేపు పొద్దున్నే పడవ మాట్లాడండి. రాజమండ్రి తీసుకుపోదాం."

"తొమ్మిదో నెల పిల్లని పడవలోనా?" మూల నుంచి పాపాయమ్మ కేకేసింది. "దారిలో నొప్పులొస్తే సరంగు పురుడు పోస్తాడా?"

గున్నేశ్వరరావు గొంతు తగ్గించాడు. "ఇదిగో, విను. పూడిక తీసే వడ్డెవాళ్లు గట్టున గుడిసెలు వేసుకుని ఉన్నారు. పన్ను నిలిస్తే రేపే పలుగు దించుతారు. వారంలో చెరువు శుభ్రమయ్యాక, కాలువ కట్టేలోపే నీళ్లు పెట్టి నింపుతారు. పన్ను పోయిందా, ఆ బురద మీదే నింపుతారు. కాలువ కట్టేశాక ఊరంతా రెండు నెలలు అవే తాగాలి. నిరుడు తాగినట్టే."

నిరుడు అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడు.

జగదాంబ ఆగలేదు. అప్పటికే ఆమెకి పిల్ల అరుపులు వినబడుతున్నాయి, తలుపు దగ్గర ఎవరూ లేకపోవడం కనబడుతోంది. జరగనిదాన్ని జరిగినట్టు చూడటం ఆమెకి పుట్టుకతో వచ్చిన గుణం. నిరుడు ఒక్కసారి ఆమె చూసినట్టే జరిగింది. ఆ తర్వాత తను ఊహించేదంతా ఉత్త భయం కాదు, జరగబోయేదే అనిపించసాగింది.

"ఒక బిడ్డని ఆ నీళ్లు తీసుకుపోయాయి," అంది. "ఈ బిడ్డని మీ పన్ను తీసుకుపోతుంది. అప్పుడు చల్లగా కూర్చుని రాతిమెట్లు కట్టించుకుందురుగాని."

గున్నేశ్వరరావు చెయ్యి విస్తరి మీదే ఉండిపోయింది.

నిరుడు కాలువ కట్టేసిన రోజుల్లో వాంతిభేది వచ్చి వాళ్ల అప్పారావు పోయాడు. పొద్దున బడికి పోయిన పిల్లవాడు మర్నాటికి లేడు. ఆనాటి నుంచి ఈ ఇంట్లో ఆ పేరు ఆయన ఎత్తలేదు. ఆయన ఎత్తలేదని ఆమె కూడా ఎత్తలేదు. ఆయన ఏడవడం ఆమె చూడలేదు. కర్మకాండ అయిన మర్నాడు చెరువుగట్టుకి వెళ్లి సాయంత్రం దాకా కూర్చుని వచ్చాడు. అప్పటి నుంచీ పూడిక గురించీ మెట్ల గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడడు.

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, వీధి అరుగు మీదికి పోయాడు. అన్నం విస్తరిలో అలాగే ఉంది. జగదాంబ దాన్ని తీయలేదు. తీస్తే మాట ముగిసినట్టవుతుందని భయం.

మాణిక్యం గదిలోంచి గాజుల చప్పుడు రాలేదు. వినే ఉంటుంది.

*

మర్నాడు పొద్దున్నే పాపాయమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఊరంతా ఏంటే ఈ మాడు కంపు?"

"మగవాళ్లు వంట చేస్తున్నారు, అత్తయ్యా."

"వీధి తగలబెడతారేమో, ఓ కన్నేసి ఉంచు."

జగదాంబ కిటికీ సందులోంచి చూసింది. ఆడవాళ్లు ఆడిన అబద్ధానికి ఆడవాళ్లే కట్టుబడి పెరళ్లలో కూర్చున్నారు. నాలుగో నాటి స్నానం దాకా కుండ ముట్టుకోవడానికి లేదు, పొయ్యి ముట్టుకోవడానికి లేదు. దాంతో బజారు వీధి పెద్దమనుషులు, కొట్లో గద్దె దిగి ఎరగనివాళ్లు, బిందెలు భుజాన వేసుకుని చెరువుకి బయల్దేరారు. బిందె ఎలా పట్టుకోవాలో ఒకరికీ తెలియదు. ఒకాయన కౌగిలించుకున్నాడు. ఇంకొకాయన నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, ముందు ఏముందో కనబడక ఆవుకి గుద్దుకున్నాడు.

అందరికన్నా వెనక వీరవేణి భర్త జోగేశ్వరరావు వచ్చాడు. కట్టు వేయించడంలో అందరికన్నా ముందు నిలబడినవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో బిందె లేదు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది, పంచె మోకాలి దాకా పచ్చటి నాచు. సరిగ్గా చైర్మన్ ఇంటి ముందు ఆగాడు.

"మెట్లు విరిగిపోయి ఎన్నాళ్లయింది? కాలు పెడితే జర్రుమంటుంది! నీళ్ల మీద నాచు చూశారా? ఇదేనా పంచాయితీ? మెట్లు బాగు చేయించలేనివాళ్లు పన్నెందుకు పెంచాలంటా?"

గున్నేశ్వరరావు అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"మెట్ల కోసమే పెంచింది, బావగారూ," అన్నాడు నెమ్మదిగా.

"ముందు మెట్లు కట్టించండి. తర్వాత పన్ను అడగండి."

"దేంతో కట్టించమంటారు?"

"అది చైర్మన్ చూసుకోవాలి!" అని జోగేశ్వరరావు కుంటుకుంటూ లోపలికి పోయాడు. వీధిలో నిలబడ్డ బిందెలవాళ్లు న్యాయమైన మాటే అన్నట్టు తలలూపారు.

జగదాంబ పెరట్లోకి వెళ్లింది. రెండిళ్ల మధ్యా తాటాకు తడిక. అవతల వీరవేణి నిన్న కూర్చున్నట్టే కూర్చుని ఉంది.

"మీ ఆయన చెయ్యి గీరుకుపోయింది. పసుపు పెట్టుకోమను," అంది జగదాంబ తడికతో.

అవతల నుంచి మాట వచ్చింది. "పసుపు ఎక్కడుందో ఆయనకి తెలియదు. నేను లేచి ఇవ్వకూడదుగా."

"నిజం చెప్పు, వదినా. నువ్వు బయటున్నావా?"

"నా పిల్లల మీద ఒట్టు పెట్టించుకున్నారు. నీ గుమ్మం తొక్కనని, నీ బొట్టు అందుకోనని." అంది వీరవేణి. "నీకు అబద్ధం చెప్పలేక తిరిగి కూర్చున్నాను. నన్నేమీ అడగకు."

"ఒక్కటే అడుగుతాను. చిన్నమ్మాయికి కూడా చెప్పారా?"

అవతల చాప సర్దుకున్న చప్పుడైంది.

"వదినా? చెప్పారా?"

"పిల్లకి ఇంకా నెల ఉందిగా," అంది వీరవేణి. "నెల లోపు ఏదో ఒకటి తేలకపోదు. నువ్వు ఊరికే చెడు ఊహించకు."

జగదాంబకి జవాబు అందింది.

*

నెల కాదు, ఆ పూట కూడా గడవలేదు. మధ్యాహ్నం ఎండ ముంగిట్లోంచి ఇంకా కదలకముందే మాణిక్యం వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పెదవి కరుచుకుంది. చెమట.

"అమ్మా, నడుములో ఏదో పట్టేసింది."

జగదాంబ పిల్లని చాప మీద పడుకోబెట్టింది. భర్త సత్రంలో ఉన్నాడు. ఆ రోజు పంచాయితీ సభ. పంపడానికి ఇంట్లో ఎవరూ లేరు.

"నువ్వెళ్లు," అంది పాపాయమ్మ. తడుముకుంటూ వచ్చి మనవరాలి తల ఒళ్లో పెట్టుకుంది. "నాకు కళ్లు లేకపోయినా చేతులున్నాయి. పరుగెత్తు."

జగదాంబ పట్టపగలు, నెత్తిన చెంగైనా సరిగా కప్పుకోకుండా, చిన్నమ్మాయి ఇంటికి పరుగెత్తింది. మంగలి చిన్నమ్మాయి ఈ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డనీ మొదట ఎత్తుకున్న మనిషి. అప్పారావునీ, మాణిక్యాన్నీ కూడా. గుడిసె ముందు చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. జగదాంబని చూడగానే చేట కింద పెట్టేసింది.

"నొప్పులొచ్చాయే చిన్నమ్మాయీ. నెల ముందే. లే, లే."

చిన్నమ్మాయి లేవలేదు. "నేనూ బయటున్నానమ్మగారూ."

"ఎప్పటి నుంచే?"

"తమరు ఆ మలుపు తిరిగినప్పటి నుంచండి," అంది చిన్నమ్మాయి. అని మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుంది. "తమరి దగ్గర అబద్ధం ఎందుకమ్మా. నేను మీ గుమ్మం ఎక్కితే మా ఆయన కత్తుల పొది ఇక మూల పడెయ్యాలంట. పిల్లలున్నారు. అయ్యగారిని ఆ పన్ను తీసేత్తానని ఒక్క మాట అనమనండి. ఆ కబురు నా చెవిన పడ్డ చోటి నుంచే పరుగెత్తుకొచ్చేత్తాను. నా పిల్లల మీదొట్టు."

మళ్లీ ఒట్టు. ఈ ఊళ్లో అందరూ తమ పిల్లల మీదే ఒట్లు పెడతారు, తన పిల్ల సంగతే ఎవరికీ పట్టదు, అనుకుంది జగదాంబ.

సత్రానికి దగ్గరి దారి చెరువుగట్టు మీదుగానే. నిరుడు నుంచీ ఆమె ఆ గట్టు ఎక్కలేదు. కావడివాడు మానేశాక కూడా చుట్టూ తిరిగి కాలువకే పోయి నీళ్లు తెచ్చుకుంటోంది. నిన్న మాత్రం పేరంటం పనుల్లో తీరిక లేక, గాబు నిండుకుందని, భర్త తనే ఈ చెరువులోంచి రెండు బిందెలు తెచ్చి పోశాడు.

గట్టున వడ్డెవాళ్ల గుడిసెలు. పలుగులూ పారలూ గోడకి ఆన్చి ఉన్నాయి. వాళ్ల ఆడవాళ్లు పొయ్యిలు వెలిగించి పని మొదలవుతుందా లేదా అని ఎదురుచూస్తున్నారు. కింద నీళ్లు అడుగంటి, పచ్చగా, చిక్కగా ఉన్నాయి. బెల్లం వర్తకుడు విరిగిన మెట్టు మీద కూర్చుని, నాచుని చేత్తో పక్కకి తోసి, పైపంచె అడ్డం పెట్టి వడకట్టుకుంటున్నాడు. మళ్లీ తోస్తున్నాడు. మళ్లీ కమ్ముకుంటోంది.

జగదాంబ కాళ్లు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగిందో ఆమెకే తెలియదు. తర్వాత పరుగెత్తింది.

సత్రం వసారా నిండా మగవాళ్లు. బల్ల వెనక గున్నేశ్వరరావు. ఎదురుగా చేతికి గుడ్డ కట్టుకున్న జోగేశ్వరరావు ఏదో గట్టిగా మాట్లాడుతున్నవాడు గుమ్మంలో ఆడమనిషిని చూసి మాట మింగాడు. బజారు వీధి ఆడది సత్రం గుమ్మం ఎక్కడం ఆ ఊరు ఎరగదు. అన్ని తలలూ తిరిగాయి. ఒక్కరూ ఏమమ్మా అని అడగలేదు.

దారి పొడుగునా ఆమె మాటలు కూర్చుకుంది. తీసెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను, తీసెయ్యండి. అంతే. అంత చిన్న మాట.

భర్త కళ్లెత్తి చూశాడు. ఆమె నోరు తెరిచింది.

"మాణిక్యానికి నొప్పులు," అంది.

మిగతా మాట రాలేదు. ఎంత పెగల్చుకున్నా రాలేదు. ఆయన్ని ఏం చెయ్యమని అడగడానికి వచ్చిందో, ఏం చెయ్యొద్దని అడగాలనుకుంటోందో ఆ క్షణాన ఆమెకే తెలియలేదు. తిరిగి మెట్లు దిగి, ఒక్కతే ఇంటి దారి పట్టింది.

వీధిలో పెరటి తలుపుల వెనక ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఆమె అడుగు వినగానే ఒక్కొక్క ఇల్లే మూగపోయింది.

*

ఇంటి గుమ్మంలోనే మాణిక్యం కేక వినిపించింది. దాని వెంటే ఇంకో గొంతు.

"ఊపిరి బిగపట్టకే. వదిలెయ్. నా చెయ్యి నలుపు, నలిపితే ఏం పోదు."

వీరవేణి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మాణిక్యం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. చేతుల నిండా తాటాకు గీరిన గీతలు.

జగదాంబ గబగబా లోపలికి వచ్చింది. "వదినా! ఒట్టు..."

"గుమ్మం తొక్కనన్నాను. తొక్కలేదు. తడిక విరగదీసుకుని వచ్చాను," అంది వీరవేణి తల ఎత్తకుండా. "బయటున్నానుగా. పురిటి మైలకి నా మైలేం అడ్డం?"

పాపాయమ్మ మనవరాలి తల నిమురుతూ నవ్వబోయింది. వీరవేణి నవ్వలేదు. జగదాంబని దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో చెప్పింది.

"కాళ్లు ముందొస్తున్నట్టున్నాయి. ఇది నా వల్ల కాదు. చిన్నమ్మాయి ఏదీ?"

జగదాంబ వీధి గుమ్మంలోకి వచ్చింది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఎండ ఒక్కటే.

ఆ ఎండలో సత్రం వైపు నుంచి ఒక మనిషి వస్తున్నాడు. నడక కాదు, పరుగు కాదు. పైపంచె లేదు. దగ్గరికి వచ్చేదాకా అది తన భర్త అని ఆమె గుర్తుపట్టలేదు.

గున్నేశ్వరరావు అరుగు దగ్గర ఆగి, స్తంభం పట్టుకున్నాడు.

"చిన్నమ్మాయి వస్తోంది," అన్నాడు. "వెనకే. సామాను సర్దుకుని వస్తోంది."

ఆ మాట కోసమే కదా ఆమె నిన్నటి నుంచి ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంది! చేతులెత్తి దేవుడికి దణ్ణం పెట్టాల్సింది. చేతులు లేవలేదు. చిన్నమ్మాయి వస్తోందంటే సత్రంలో ఆయన ఏం చేసి వచ్చాడో అడగక్కర్లేదు.

"అందరూ ఒప్పుకున్నారా?" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"సంతోషంగా. జోగేశ్వరరావు కౌగిలించుకున్నాడు." ఆయన అరుగు మీద కూర్చుని, తన అరచేతులు చూసుకున్నాడు. "వడ్డెవాళ్లకి కబురు పంపారు. పొద్దుగూకే లోపు గుడిసెలు ఎత్తేస్తారు. రేపు తూము ఎత్తి నీళ్లు పెడతారట, జగదాంబా. ఉన్నదాని మీదే."

ఆయన నోట తన పేరు విని ఎన్నేళ్లయిందో. ఆమె దగ్గరికి వెళ్లి పక్కన కూర్చుందామనుకుంది. ఒక అడుగు వేసింది కూడా. ఆయన గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

"వదినా!" లోపల నుంచి వీరవేణి కేక. "నీళ్లు కాగబెట్టు! తొందరగా!"

పెరటి గడపలో చిన్నమ్మాయి గొంతు కూడా అప్పుడే వినిపించింది. "వచ్చేశానమ్మా, వచ్చేశాను. పక్కకి జరగండి."

జగదాంబ వంటింట్లోకి పరుగెత్తి, రాగి గుండిగ పొయ్యి మీదికి ఎత్తింది. చెంబు తీసుకుని గాబులో ముంచింది. బిడ్డ ఒంటి మీద మొదట పడేవి ఈ చెరువు నీళ్లే. బాలింత నోట్లో పోసేవి ఈ నీళ్లే. రేపటి నుంచి వానలు పడేదాకా వీధి వీధంతా తాగేవి ఈ నీళ్లే.

లోపల మాణిక్యం అరిచింది. "అమ్మా!"

ముంచిన చెంబు చేతిలో పట్టుకుని జగదాంబ అలాగే నిలబడిపోయింది.